అట్లాంటా ఫాక్స్ థియేటర్: గారతో కట్టిన ఆకాశం

అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి రాజధాని అట్లాంటా. ఆ నగరంలో పీచ్‌ట్రీ వీధిని పాన్స్ డి లియాన్ అవెన్యూ కలిసే మూలమీద ఉన్న పాతకాలపు మహా సినిమాహాలు ఫాక్స్ థియేటర్. 1929 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగనాడు దీన్ని తెరిచారు. సీట్లు 4,665. రెండు రంగుల ఇటుకలతో చారలు చారలుగా కట్టిన గోడలు, ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటం, మినారు చూస్తే ఏ అరబ్బు నగరంలోని కోటో అనిపిస్తుంది గాని సినిమాహాలు అనిపించదు. 1974లో అమెరికా చారిత్రక స్థలాల జాతీయ పట్టికలోకి ఎక్కింది. 1976లో అంతకంటే పై మెట్టయిన జాతీయ చారిత్రక కట్టడం హోదా పొందింది.

తెరిచిన 125 వారాలకే మూతపడి, వేలానికి వెళ్ళి, మళ్ళీ లేచి, మళ్ళీ కూలగొట్టే జాబితాలో చేరి, ఊరివాళ్ళ పూనికతో బతికి, ఆ తరవాత మంటల్లోంచి కూడా బయటపడిన హాలు ఇది. అందంగా ఉంది కాబట్టి బతికిందనుకుంటే పొరపాటు. ఇంతే అందమైన హాళ్ళు, దీన్ని మించినవి కూడా, అమెరికా నిండా నేలమట్టమయ్యాయి. ఫాక్స్ బతకడానికి ప్రేమ ఎంత పనిచేసిందో లెక్కల పుస్తకం కూడా అంత పనిచేసింది. దీని చరిత్ర చదవవలసింది అందుకే.

సినిమా మహళ్ళ కాలం

1900ల మొదట్లో అమెరికాలో సినిమా అంటే అయిదు సెంట్ల వినోదం. ఖాళీ దుకాణంలో నాలుగు బల్లలు, ఒక తెల్లగుడ్డ ఉంటే చాలు, ఆట మొదలయ్యేది. మర్యాదస్తుల ఇళ్ళవాళ్ళు అటువైపు వెళ్ళేవారు కారు. ఆ చులకన పోగొట్టాలంటే హాలే రాజభవనంలా ఉండాలని వ్యాపారులు గ్రహించారు. 1914లో న్యూయార్క్‌లో తెరిచిన స్ట్రాండ్ థియేటర్ ఆ దారిలో పెద్ద అడుగు. అక్కడినుంచి పదిహేనేళ్ళపాటు ఊరూరా పోటీ నడిచింది. 1927లో న్యూయార్క్‌లోనే వచ్చిన రాక్సీ థియేటర్‌లో ఆరువేల మందికి కాస్త తక్కువగా కూర్చునే చోటు ఉండేది.

ఈ హాళ్ళలో ఒక రకం ఇంకా చిత్రమైనది. అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టి అమెరికా వచ్చిన జాన్ ఎబర్సన్ అనే వాస్తుశిల్పి దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. 1923లో హ్యూస్టన్‌లో ఆయన కట్టిన మెజెస్టిక్ థియేటర్‌ను ఈ పద్ధతికి మొదటి నమూనాగా చెబుతారు. హాలు లోపలికి వెళితే పైకప్పు కనిపించదు, నీలాకాశం కనిపిస్తుంది. చుట్టూ కోట గోడలు, కిటికీలు, అరుగులు. ఆరుబయట పెరట్లో కూర్చుని ఆట చూస్తున్నట్టు ఉంటుంది. అట్లాంటా ఫాక్స్ ఈ కుదురుకు చెందినది. దీన్ని గీసింది మాత్రం ఎబర్సన్ కాదు, అట్లాంటాకే చెందిన మారీ, ఆల్గర్ అండ్ వినూర్ అనే సంస్థ. నమూనా తయారుచేసిన ఘనత అందులోని ఒలివియే వినూర్‌కు దక్కుతుంది.

కట్టించింది ఎవరు

సినిమాహాలు కడదామని మొదలుపెట్టిన కట్టడం కాదిది. అమెరికాలో ఫ్రీమేసన్ల నుంచి పుట్టిన ష్రైనర్లు అనే సోదర సంఘం ఒకటుంది. అరబ్బు దేశాల వేషభాషలను వేడుకగా అనుకరించడం, కుచ్చు వేలాడే ఎర్రటోపీ పెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఇస్లాం మతంతో ఏ సంబంధమూ లేకపోయినా తమ భవనాలను మసీదులని పిలుచుకునేవారు. అట్లాంటాలో వాళ్ళ శాఖ పేరు యారాబ్ టెంపుల్. సభ్యులు పెరగడంతో పెద్ద సమావేశ భవనం కావలసి వచ్చింది. స్పెయిన్‌లో గ్రనాడాలోని అల్‌హంబ్రా కోట, ఈజిప్టులోని కర్నాక్ ఆలయం మనసులో పెట్టుకుని పెద్ద పథకమే వేశారు. 1922లో ప్రాచీన ఈజిప్టు రాజు టూటంకామున్ సమాధి బయటపడ్డాక అమెరికా అంతటా ఈజిప్టు మోజు పట్టుకుంది. ఆ మోజు ఈ భవనంలో గది గదినా కనిపిస్తుంది. కింది పెద్ద నాట్యశాల గోడల మీద రామ్సెస్ కాలపు ఆలయాల తరహా బొమ్మలుంటాయి. ఆడవాళ్ళు విశ్రాంతి తీసుకునే గదిలో టూటంకామున్ సింహాసనాన్ని చూసి చేయించిన కుర్చీ ఉంది.

కలలు ఎక్కువ, డబ్బు తక్కువ. ఖర్చు అంచనా దాటి 27 లక్షల 50 వేల డాలర్లకు పెరిగింది. ష్రైనర్లు మోయలేకపోయారు. అప్పుడు రంగంలోకి వచ్చినవాడు విలియం ఫాక్స్. హంగరీలో పుట్టి, పసివాడిగా అమెరికా చేరి, బట్టల వ్యాపారంలో పనిచేసి, బ్రూక్లిన్‌లో చిన్న ఆటగది కొని, దేశంలోనే పెద్ద చిత్రనిర్మాణ సంస్థల్లో ఒకటైన ఫాక్స్ ఫిల్మ్‌ను నిలబెట్టిన మనిషి. ఆయన 21 ఏళ్ళకు ఈ భవనాన్ని లీజుకు తీసుకున్నాడు. ష్రైనర్ల సమావేశ భవనం అలా సినిమాహాలయింది. డెట్రాయిట్, సెయింట్ లూయిస్, శాన్‌ఫ్రాన్సిస్కో, బ్రూక్లిన్‌లలోనూ దాదాపు అదే సమయంలో ఫాక్స్ పేరుతో మహా సినిమాహాళ్ళు వెలిశాయి.

లోపలి ఆకాశం

ఫాక్స్ లోపల కూర్చున్నవాళ్ళకు చుట్టూ కోట ప్రాకారం, పైన రాత్రి ఆకాశం కనిపిస్తాయి. ఆ ఆకాశంలో 96 నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం ఒక్కో స్ఫటికపు బిళ్ళ, దాని వెనక చిన్న దీపం. వాటిలో మూడో వంతు మిణుకు మిణుకుమంటాయి, మిగతావి నిలకడగా వెలుగుతాయి. అన్నీ ఒకేలా మెరిస్తే అది పెళ్ళిపందిరి దీపాల్లా ఉండేది. కొన్ని మాత్రమే మిణుకుమనడం వల్ల కన్ను మోసపోతుంది. బ్రెనోగ్రాఫ్ అనే ప్రత్యేకమైన ప్రొజెక్టరుతో మబ్బులను ఆ నీలం మీదికి వదిలేవారు, అవి మెల్లగా కదిలిపోతుండేవి. తెల్లవారుజాము, సాయంసంధ్య కూడా దీపాలతో చూపించగలరు.

బాల్కనీ మీద చారల గుడ్డతో వేసిన పెద్ద డేరా లాంటిది ఒకటుంది. చూసినవాళ్ళంతా అది గుడ్డే అనుకుంటారు. నిజానికది ఇనుప ఊచల మీద పోసిన గార. దూరంగా బాల్కనీలో కూర్చున్నవాళ్ళకు వేదిక మీది శబ్దం చక్కగా అందడానికి కూడా అది సాయపడుతుంది. అలాగే కొయ్య దూలాలనుకున్నవి కొయ్యవి కావు, రాతి గోడ అనుకున్నది రాయి కాదు. అంతా గారే, దానిమీద చెయ్యితిరిగిన రంగు పనే. ఇక్కడ ప్రతిదీ నటనే. కాని ఆ నటనను నిలబెట్టడానికి పెట్టిన శ్రద్ధలో నటన లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తరవాతి కాలంలో పునరుద్ధరణ పని ఎందుకంత కష్టమైందో అర్థమవుతుంది. రాయి అరిగితే మరో రాయి తేవచ్చు. రాయిలా కనిపించే గార పాడైతే, ఆనాటి పనివాడు ఎలా మోసం చేశాడో ముందు నేర్చుకోవాలి.

వేదిక ముందు గోతిలోంచి లిఫ్టు మీద పైకి లేచి వచ్చే ఆర్గన్ ఈ హాలుకు రెండో ప్రాణం. మేరీల్యాండ్‌లోని హేగర్స్‌టౌన్‌కు చెందిన మోలర్ కంపెనీ 1929లో దీన్ని తయారుచేసింది. అట్లాంటావాళ్ళు ముద్దుగా 'మైటీ మో' అంటారు. హార్మోనియం మెట్ల లాంటి వరుసలు నాలుగు, వాటి వెనక గోడల చాటున దాగిన గొట్టాలు 3,622. వాటిలో పెన్సిలంత చిన్నవీ ఉన్నాయి, మనిషి నిలబడగలిగినంత పెద్దవీ ఉన్నాయి. డోళ్ళు, తాళాలు, పిట్టల కూతలు, ఉరుము కూడా దాంట్లోంచే పలుకుతాయి. సినిమా ఆర్గన్లలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లోని దాని తరవాత పెద్దది ఇదేనని చెబుతారు.

ఇక్కడొక విషాదముంది. ఇలాంటి ఆర్గన్లను కనిపెట్టింది మూకీ సినిమాలకు సంగీతం ఇవ్వడానికి. 1927లో ‘ది జాజ్ సింగర్’ వచ్చి తెర మాట్లాడడం మొదలుపెట్టింది. ఫాక్స్ తెరిచేనాటికి మూకీల కాలం వెళ్ళిపోతూ ఉంది. అంటే ఈ మహావాద్యం తన అసలు పని చేయవలసిన కాలం దాటిపోయాక పుట్టింది. తొలిరోజు చూపించిన వాటిలో వాల్ట్ డిస్నీ మిక్కీమౌస్ బొమ్మల చిత్రం ‘స్టీమ్‌బోట్ విల్లీ’ ఉంది, అదీ శబ్దచిత్రమే.

పడిపోవడం, లేవడం

1929 అక్టోబరు చివర న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఫాక్స్ హాలు తెరిచింది ఆ తరవాత రెండు నెలలకు. విలియం ఫాక్స్ అప్పటికే లోవ్స్ అనే మరో పెద్ద సినిమా సంస్థను కొనడానికి తలకు మించిన అప్పులు చేసి ఉన్నాడు. అదే ఏడు వేసవిలో కారు ప్రమాదంలో గాయపడ్డాడు. 1930లో సొంత కంపెనీయే చేజారిపోయింది. 1932లో అట్లాంటా భవనం తాకట్టు కింద జప్తయి 75,000 డాలర్లకు వేలంలో పోయింది. కట్టడానికి అయిన ఖర్చులో ఇది మూడు శాతం కూడా కాదు. పన్ను బకాయిల కింద కొంతకాలం నగరపాలక సంస్థ చేతిలోనూ ఉంది. 1935లో మోస్క్ ఇన్‌కార్పొరేటెడ్ అనే కంపెనీ తీసుకున్నాక హాలు నిలదొక్కుకుంది.

అక్కడినుంచి పాతికేళ్ళకు పైగా వైభవమే. కింది ఈజిప్షియన్ నాట్యశాల 1940లలో అట్లాంటాలో పేరుమోసిన డ్యాన్సు హాలు. 1947 నుంచి 1968 దాకా ఏటా న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా బృందం వచ్చి ఒక వారం ప్రదర్శనలిచ్చేది. ఆ వారం అట్లాంటా శ్రీమంతులకు పెళ్ళిళ్ళ కాలం లాంటిది. నగలు, కొత్త బట్టలు, విందులు.

పక్క మెట్లు

ఆ వైభవంలో అందరికీ చోటు లేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వర్ణ విభజన చట్టమై ఉన్న రోజులవి. నల్లజాతివారు పీచ్‌ట్రీ వీధి వైపున్న పెద్ద వాకిలిలోంచి ఫాక్స్‌లోకి రాకూడదు. వాళ్ళకు పాన్స్ డి లియాన్ వైపు వేరే టిక్కెట్టు కిటికీ. అక్కడినుంచి భవనం బయట కట్టిన మెట్లెక్కి, అన్నింటికంటే పైన ఉన్న గ్యాలరీకి చేరాలి. ఆ గ్యాలరీకి, తెల్లవాళ్ళు కూర్చునే బాల్కనీకి మధ్య అడ్డుగోడ. గార ఆకాశానికి అందరికంటే దగ్గరగా కూర్చున్నది వాళ్ళే, కాని హాలు పెద్ద వాకిలి మెట్టు ఒక్కటి కూడా వాళ్ళ పాదానికి తగలలేదు.

1946 నవంబరు 12న డిస్నీ చిత్రం ‘సాంగ్ ఆఫ్ ద సౌత్’ తొలి ప్రదర్శన ఫాక్స్‌లో అట్టహాసంగా జరిగింది. అందులో అంకుల్ రీమస్ పాత్ర వేసిన నల్లజాతి నటుడు జేమ్స్ బాస్కెట్ ఆ వేడుకకు రాలేకపోయాడు. తెర మీద ఆయన ముఖమే, హాల్లో ఆయనకు కుర్చీ లేదు. 1962లో గాని ఫాక్స్‌లో ఈ విభజన పోలేదు.

పాత కట్టడాల గురించి రాసేటప్పుడు ఇలాంటి సంగతులను ఒక వాక్యంలో దాటేయడం చాలామందికి అలవాటు. అది తప్పు. ఆ మెట్లు కూడా 1929 నాటి నమూనాలో భాగమే. వినూర్ గీసిన నక్షత్రాలెంత నిజమో ఆ అడ్డుగోడ కూడా అంత నిజం.

కూలగొట్టే వరస

1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పుతో చిత్రాలు తీసే కంపెనీలు హాళ్ళను వదులుకోవలసి వచ్చింది. తరవాత టెలివిజన్ వచ్చింది. ఊరి మధ్యనుంచి జనం శివార్లకు తరలిపోయారు, వాళ్ళ వెనకే చిన్న హాళ్ళూ వెళ్ళాయి. నాలుగున్నర వేల సీట్ల హాలులో రెండు వందల మంది కూర్చుంటే కరెంటు ఖర్చు కూడా రాదు. 1960లో న్యూయార్క్ రాక్సీని కూల్చేశారు. 1963లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫాక్స్, 1971లో బ్రూక్లిన్ ఫాక్స్ పోయాయి. అట్లాంటాలో 1972లో టెర్మినల్ స్టేషన్ అనే గొప్ప రైల్వేస్టేషనునే పడగొట్టారు. తల్లి ఇల్లు పోయినట్టు బాధపడ్డవాళ్ళున్నారు, అడ్డుపడగలిగినవాళ్ళు లేకపోయారు.

ఫాక్స్ వంతు ఆ తరవాత వచ్చింది. సదరన్ బెల్ టెలిఫోన్ కంపెనీ తన ప్రాంతీయ ప్రధాన కార్యాలయం కోసం ఆ స్థలం కొనడానికి ముందుకొచ్చింది. 1975 జనవరి మొదట్లో సినిమాహాలుగా చివరి ఆట ఆడి తలుపులు మూసుకుంది.

కాని అప్పటికే ఊరు కదిలింది. 'సేవ్ ద ఫాక్స్' అన్న పిలుపు కార్ల వెనక స్టిక్కర్ల మీదికి, రేడియోల్లోకి ఎక్కింది. అట్లాంటా ల్యాండ్‌మార్క్స్ పేరుతో లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. టెర్మినల్ స్టేషన్ దగ్గర జరిగిన తప్పు ఈసారి జరగకూడదని పట్టుబట్టినవాళ్ళు అందులో చేరారు.

అప్పుడు నగర మేయరు మేనార్డ్ జాక్సన్. 1973లో ఎన్నికైన ఆయన అట్లాంటాకు తొలి నల్లజాతి మేయరు. కూల్చివేతకు అనుమతి పత్రం ఇవ్వకుండా ఆపింది ఆయన కార్యాలయమే. ఆ వ్యవధి లేకపోతే ఎన్ని స్టిక్కర్లు అంటించినా ఫలితం ఉండేది కాదు. పన్నెండేళ్ళ కిందటిదాకా తనవాళ్ళను పక్క మెట్లెక్కించిన భవనం అది. దాన్ని పడగొట్టనివ్వకపోవడమా, పడగొట్టనివ్వడమా అన్నది ఆయన చేతిలోకే వచ్చింది. ఆయన నిలబెట్టే దారి పట్టాడు. ఫాక్స్ చరిత్రలో ఇంతకంటే పెద్ద క్షణం నాకు మరొకటి కనిపించదు.

తరవాత జరిగింది ఉద్వేగం కాదు, బేరం. టెలిఫోన్ కంపెనీకి కావలసింది ఆ పరిసరాల్లో చోటు, ఆ భవనాన్ని పడగొట్టడం కాదు. కాబట్టి చుట్టుపక్కల స్థలాలు చేతులు మారి కంపెనీకి వెళ్ళేలా, థియేటరున్న స్థలం ల్యాండ్‌మార్క్స్‌కు వచ్చేలా ఒప్పందం కుదిరింది. కంపెనీ ఆకాశహర్మ్యం థియేటరు వెనక లేచింది, 1982లో పూర్తయింది. ల్యాండ్‌మార్క్స్ బ్యాంకుల దగ్గర 18 లక్షల డాలర్లు అప్పు తీసుకుంది. 1978లోగా తీర్చకపోతే అంతా పోతుంది.

అప్పు తీర్చడానికి చందాలొక్కటే చాలవు, హాలు నడవాలి. పాటల కచేరీలు పెట్టారు. 1976 జులైలో లినార్డ్ స్కినార్డ్ రాక్ బృందం మూడు రాత్రులు ఇక్కడ పాడి ఆ పాటలను ‘వన్ మోర్ ఫ్రమ్ ద రోడ్’ పేరుతో ఆల్బంగా తెచ్చింది. ఆపెరా శ్రీమంతుల హాలును జుట్టు పెంచుకున్న కుర్రకారు నింపారు, నిలబెట్టారు. గడువు కంటే ముందే అప్పు తీరిపోయింది.

అదే 1978 జనవరిలో అట్లాంటాలోని లోవ్స్ గ్రాండ్ థియేటరులో నిప్పంటుకుంది. 1939 డిసెంబరు 15న ‘గాన్ విత్ ద విండ్’ తొలి ప్రదర్శన జరిగిన హాలు అది. ఫాక్స్ కంటే అదే పేరున్నది. మంటల తరవాత మిగిలినదాన్ని కూల్చేశారు. ఇప్పుడు అక్కడ జార్జియా పసిఫిక్ కంపెనీ భవనం ఉంది.

ఆర్గన్ మనిషి

ఫాక్స్ పునరుద్ధరణ 1975లో మొదలైందని రాయడం పద్ధతి. నిజానికది 1963లో, ఒక మనిషి చేతుల్లో మొదలైంది. ఆయన పేరు జో ప్యాటెన్. యంత్రాల పని తెలిసిన ఆర్గన్ ప్రేమికుడు. అప్పటికి మైటీ మో మూగబోయి చాలా కాలమైంది. ప్యాటెన్, ఆయన తోటి ఔత్సాహికులు యాజమాన్యం అనుమతి తీసుకుని జీతం లేకుండా దానిమీద పనిచేశారు. ఆర్గన్ అంటే గొట్టాలే కాదు. గాలి నింపే పంకా, తిత్తులు, ప్రతి గొట్టం కింద తెరుచుకుని మూసుకునే తోలు మూతలు, వాటిని మెట్లతో కలిపే వేలకొద్దీ విద్యుత్ తీగలు. తోలు ఎండి పగిలితే గాలి కారి స్వరం చచ్చిపోతుంది. ఆ ఏడు ముగిసేలోగా ఆర్గన్ మళ్ళీ పలికింది. బాబ్ వాన్ క్యాంప్ చాలా ఏళ్ళు దానిమీద వాయించాడు.

హాలును కాపాడే ఉద్యమంలోనూ ప్యాటెన్ ముందున్నాడు. 1979లో ఆయనకు భవనంలోనే ష్రైనర్ల పాత కార్యాలయ గదులు జీవితకాలం ఉండేలా ఇచ్చారు. ఆ గదులను సొంత ఖర్చుతో ఇల్లుగా మార్చుకుని అక్కడే కాపురమున్నాడు. 'ఫాక్స్ భూతం' అని ఊరు ముద్దుపేరు పెట్టింది. 1996 ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున భవనంలో నిప్పు రాజుకున్నప్పుడు లోపల నిద్రపోతున్నది ఆయనే. ఆయన లేచి హెచ్చరించడంతో అగ్నిమాపక దళం వెంటనే చేరి మంటను ఒక పక్కకే కట్టడిచేసింది. గార ఆకాశం క్షేమంగా మిగిలింది. 2010లో ఆయన నివాసం విషయంలో యాజమాన్యంతో వివాదం నడిచింది, కోర్టుదాకా వెళ్ళింది. చివరికి ఇల్లు వదలలేదు. 2016 ఏప్రిల్‌లో, 89వ ఏట చనిపోయేదాకా ఆయన చిరునామా ఫాక్స్ థియేటరే.

బాగుచేయడమంటే

ఇలాంటి భవనాన్ని బాగుచేయడం రంగులు వేయడం కాదు. ముందు పైకప్పు కారకుండా చూడాలి, గారకు నీళ్ళకంటే పెద్ద శత్రువు లేదు. తడిసిన గార ఉబ్బి, లోపలి ఇనుము తుప్పుపట్టి, ఒకరోజు పెళ్ళలుగా రాలుతుంది. ఆ తరవాత పాత రంగు పొరలను ఒక్కొక్కటిగా గీకి, అట్టడుగున 1929 నాటి రంగు ఏదో పట్టుకోవాలి. దశాబ్దాల సిగరెట్టు పొగ, దుమ్ము పేరుకుని అసలు రంగును మరుగుపరుస్తాయి. విరిగిన లతల నగిషీ ఉంటే బాగున్న చోటినుంచి అచ్చు తీసి కొత్తది పోయాలి. తివాచీ అయితే మిగిలిన ముక్కను చూసి అదే నేత నేయించాలి. ఫాక్స్‌కు కలిసివచ్చింది ఏమిటంటే, ఇది ఎప్పుడూ పూర్తిగా పాడుపడలేదు. పాత కుర్చీలు, బల్లలు, దీపపు స్తంభాలు చాలావరకు ఇంట్లోనే మిగిలాయి. సొంత పనివాళ్ళనే పెట్టుకుని ఏడాది పొడుగునా ఏదో ఒక మూల మరమ్మతు సాగిస్తూ ఉంటారు. పని పూర్తయిందని చెప్పే రోజంటూ రాదు.

ఆలస్యం చేస్తే ఎంత ఖరీదో బ్రూక్లిన్‌లోని కింగ్స్ థియేటర్ చెబుతుంది. అదీ 1929లో తెరిచినదే. 1977లో మూసేశారు. 38 ఏళ్ళు పైకప్పు కారుతూ, దొంగలు రాగి, ఇత్తడి ఊడదీసుకుపోతూ ఉండగా అలాగే నిలిచింది. 2015లో మళ్ళీ తెరవడానికి దాదాపు 9 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చయింది. అట్లాంటావాళ్ళు 18 లక్షల అప్పుతో ఫాక్స్‌ను పట్టుకోగలిగింది హాలు ఇంకా ఊపిరితో ఉండగా కదిలారు కాబట్టే.

నేడు

ఫాక్స్ ఇప్పుడు ముఖ్యంగా సినిమాహాలు కాదు. బ్రాడ్‌వే నాటకాలు, బ్యాలే, కచేరీలు, ఊళ్ళో పెళ్ళి విందులు దాన్ని పోషిస్తున్నాయి. గాయకుడు ప్రిన్స్ చనిపోవడానికి వారం ముందు, 2016 ఏప్రిల్ 14న తన చివరి కచేరీలు రెండూ ఇచ్చింది ఈ వేదిక మీదే. వేసవిలో సినిమాలు కూడా వేస్తారు. ఆటకు ముందు ఆర్గన్ పైకి లేస్తుంది, జనం దానితో గొంతు కలిపి పాడతారు. 2008లో మొదలైన ఫాక్స్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్ జార్జియాలోని చిన్న ఊళ్ళ పాత హాళ్ళకు సలహా, సాయం అందిస్తోంది. సినిమాహాలుగానే ఉండాలని మొండికేసి ఉంటే ఫాక్స్ ఈపాటికి ఫొటోల్లోనే మిగిలేది. ఏ పనికైనా తలుపు తెరిచే హాలుగా మారబట్టి, తెర ఉన్న హాలుగా కూడా బతికింది.

అట్లాంటాలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు అక్కడ నెలల తరబడి ఉంటారు. మార్టా అనే నగర రైల్లో నార్త్ అవెన్యూ స్టేషనులో దిగితే ఫాక్స్ నడకదూరం. ప్రదర్శన లేని వేళల్లో లోపల తిప్పి చూపించే ఏర్పాటు ఉంది. వెళ్ళినవారు బాల్కనీలో కాసేపు కూర్చుని ఆ నక్షత్రాలు చూడండి. బయటికి వచ్చాక పాన్స్ డి లియాన్ వైపు తిరిగి, ఆ పక్క మెట్లు కూడా చూసి రండి.